గిత్తలు సరే, ఆవులేవి? (మన ఒంగోలు ఆవుల సంఘం 2024 వార్షిక నివేదిక)

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతికి బండలాగుడు పోటీల దగ్గర మనవాళ్లు చాలామంది కలిశారు. పాలపళ్ల (ఇంకా పళ్లు మారని కోడెల) విభాగం నుంచి సీనియర్స్ దాకా ఒంగోలు గిత్తలు ఉలవలు తిని నిగనిగలాడుతున్నాయి. అక్కడే ఒక సభ్యుడు అడిగారు: "గిత్తలు సరేనండీ, వీటిని ఈనిన ఆవులు ఎవరింట్లో ఉన్నాయి?" ఈ ఏడాది మన పనంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

గుంటూరు చుట్టుపక్కల కొట్టాలు చూశాం. ఒంగోలు ఆవు ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దుక్కి ట్రాక్టరుకు పోయింది, పాలకు ముర్రా గేదె వచ్చింది. దూడ తాగగా మిగిలే లీటరో రెండో పాల కేంద్రానికి పోస్తే దాణా ఖర్చయినా రాదు. కోడెదూడ పుడితే మంచి ధర వస్తుందన్న ఆశ మీదే మేపుతున్నారు. పెయ్య (ఆడదూడ) పుడితే ముఖం మాడ్చుకున్న రైతులనూ చూశాం. గిత్త ఎంత బండ లాగినా మందను పెంచేది పెయ్యేనని వాళ్లకు తెలియక కాదు.

2019 పశుగణనలో దేశీ ఆవులు 2012 కంటే 6 శాతం తగ్గాయి. సంకరజాతివి దాదాపు 27 శాతం పెరిగాయి. మన ఒంగోలు సంతతే అయిన నెలోర్ జాతి మాత్రం బ్రెజిల్‌లో మందలు మందలుగా ఉంది. ఆ జాతిదే వియాటినా-19 అనే ఆవుకు 2023లో 43 లక్షల డాలర్ల విలువ కట్టారు. ఇక్కడ మనం తౌడు బస్తా ధరకే గుండె పట్టుకుంటున్నాం.

జూలైలో గుంటూరు దగ్గరి లాం ఫారానికి (పశు పరిశోధన కేంద్రానికి) వెళ్లి ఒంగోలు మందను చూసొచ్చాం. ఆగస్టులో మన సభ్యుడి ఆవు ఎదకొచ్చి రాత్రంతా అరిచింది. ఊరికో ఆబోతు ఉన్న రోజులు కావు కదా, సూది (కృత్రిమ గర్భధారణ) కోసం ఫోన్లు చేశారు. వచ్చినాయన దగ్గర ఒంగోలు వీర్యం లేదు. "జెర్సీ వేసెయ్యమంటారా?" అన్నాడు. మనాయన వద్దని పంపేసి, మళ్లీ 21 రోజులు టెన్షన్‌తో ఎదురుచూశారు. ఈసారి ఒంగోలుదే ముందుగా మాట్లాడి ఉంచాం. ఇప్పుడు ఆవు చూడితో ఉంది.

మిషన్ కోతతో వరిగడ్డి నలిగిపోతోంది. కోతకు ముందు పచ్చిమేతకని పిల్లిపెసర, జనుము చల్లే మాగాణుల్లోకి మొక్కజొన్న వచ్చేసింది. అందుకని పిల్లిపెసర విత్తనం కొని పన్నెండు మందికి ఇచ్చాం. ఇద్దరు చల్లనే లేదు. పేర్లు రాయడం లేదు, వాళ్లకు తెలుసు.

అక్టోబరులో 21వ పశుగణన మొదలైంది. పశువుల లెక్క రాసేవాళ్లు మీ ఇంటికి ఎప్పుడొచ్చినా ఉత్త "నాటు ఆవు" అని కాకుండా "ఒంగోలు" అని దగ్గరుండి రాయించండి.

వచ్చే ఏడాది నుంచి పెయ్య పుట్టిన ఇంటికి సంఘం తరఫున ఒక బస్తా దాణా ఇవ్వాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. చందా బాకీ ఉన్నవారు ఆ రోజే కట్టేయండి. దాణా కొట్టాయన అరువివ్వనని ముందే చెప్పేశాడు.

— కార్యదర్శి