తులసికోటకు నీళ్లు

బరంపురం,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదని అలిగావట. ఈ సంగతి ఫోనులో చెబితే సగంలోనే నవ్వేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

మగ్గాల బాబాయి పోయాడని తెలుసు కదా. పదకొండో రోజుకి ఓ కార్డు వేయిద్దాం, తెలుగులో రాసిపెట్టమని వాళ్లబ్బాయి నా దగ్గరకొచ్చాడు. ఈ వీధిలో పిల్లలంతా ఒడియా మీడియమో ఇంగ్లీషు మీడియమో. తెలుగు మాట్లాడతారు గానీ రాయమంటే దిక్కులు చూస్తారు. నాకా, షాపులో పెళ్లి కార్డుల పని నెత్తి మీదుంది. ఫోనులో ఏఐని అడిగేశాను. అర నిమిషంలో ఇరవై లైన్లు ఇచ్చింది. 'స్వర్గస్థులైన'ను 'పోయిన' అని మార్చి, చద్దన్నం తీసేసి పఖాళ అని పెట్టి, అచ్చేసి ఇచ్చాను. కింద నా పేరు కూడా వేసుకున్నాను.

చదివినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. పిన్ని మాత్రం నన్ను వంటింటి గడప దగ్గరకు పిలిచి ఒక లైను మీద వేలు పెట్టింది. 'తెల్లారకముందే లేచి తులసికోటకు నీళ్లు పోసేవారు' అని ఉందక్కడ.

"ఈయన జన్మలో తులసికోట దగ్గరికి రాలేదురా. నీళ్లు పోసేది నేను. ఈయన లేచేసరికి మగ్గం మీద ఎండ పడేది."

నాకు నోరు పెగల్లేదు. కాసేపు ఆ కార్డునే చూసి, "పోనీలే, బాగుంది. ఉండనీ" అంది.

ఆ 'ఉండనీ' నన్ను నిద్ర పోనివ్వడం లేదు బావా.

మొన్న గోపాలపూర్ ఒడ్డున నువ్వేమన్నావు? ఈ ఏఐ కూడా ఓ రకం మగ్గమే, మనం అట్టలు గుచ్చిస్తే అది నేస్తుంది, అంతే అన్నావు. నువ్వు సరదాకి అన్నా, నిజంగానే అక్కడినుంచే వచ్చింది ఇదంతా. ఫ్రాన్సు నేతగాడు జకార్డ్ 1804లో చిల్లుల అట్టలతో నడిచే మగ్గం తెచ్చాడు. ఇంగ్లండు లెక్కల పండితుడు బాబేజ్ ఆ అట్టలనే తన లెక్కల యంత్రానికి అనుకున్నాడు. ఆ యంత్రం గురించి 1843లో అడా లవ్‌లేస్ అనే ఆవిడ రాస్తూ, ఇది తనంతట తాను ఏదీ పుట్టించదు, మనం ఎలా చెప్పాలో ఎరిగినదే చేస్తుంది అంది. దానికి 1950లో కంప్యూటర్ శాస్త్రవేత్త ట్యూరింగ్ జవాబిస్తూ, యంత్రాలు తనను తరచూ ఆశ్చర్యపరుస్తాయి అన్నాడు. నన్నూ ఆశ్చర్యపరిచిందిలే, తులసికోట దగ్గర.

బాబాయి మగ్గం అట్టలు నీకూ తెలుసు. చిల్లుంటే దారం లేస్తుంది, లేకపోతే లేవదు. తప్పు చిల్లు పడితే పువ్వు వచ్చిన ప్రతిసారీ అదే తప్పు వస్తుంది, వెతికి పట్టుకోవచ్చు. ఇది అలా కాదు. చెప్పనిదాన్ని తనే పూరించేసింది, అదీ ఎంత నున్నగా! అమెరికాలో 2023లో ఒక కోర్టు, మనిషి చేయి లేకుండా యంత్రం గీసిన బొమ్మకు కాపీరైటు లేదని తీర్పిచ్చింది. బాగానే ఉంది. ఆ లైను మెచ్చుకుంటే మెప్పు ఎవరిదీ కాదు. అబద్ధమని తేలితే మాత్రం, కింద పేరున్నది నాది.

అయినా దాన్ని ఒక్కదాన్నే తిట్టి ఏం లాభం? చచ్చినవాడి కళ్లు చారెడు అని మనవాళ్లు ఊరికే అన్నారా? సంతాప సభల్లో ఎంతమంది పిసినారులు కర్ణులైపోలేదు! అది చదువుకున్నది మన రాతలే కదా.

నాకు ఒకటే గుర్తొస్తోంది. మనం ఎనిమిదో తరగతిలో ఉండగా, చీర కుంభం అంచులో, ఆ పళ్ల వరుసలో, ఒక్క పన్ను వంకరపోయిందని బాబాయి సాయంత్రమంతా నేసింది విప్పేశాడు చూడు. కరెంటు లేదు. కొనేవాళ్లకు కనిపించదు కదా బాబాయీ అని నువ్వే అడిగావు. ఆయన జవాబు చెప్పలేదు. టార్చి నా చేతికిచ్చి సరిగ్గా పట్టమన్నాడు. అరగంటకి నా చెయ్యి పీకేసింది.

నిన్న రాత్రి కూర్చుని అది నా చేత్తో రాశాను. ఏడు లైన్లే వచ్చాయి. యంత్రం రాసినంత నున్నగా లేదు, రెండు చోట్ల కొట్టివేతలు కూడా. పొద్దున్నే తీసుకెళ్లి ఇస్తే పిన్ని అద్దాలు పెట్టుకుని మెల్లగా చదివింది. నవ్వింది కూడా, మాసికం అయినా కాని ఇంట్లో. తర్వాత పెన్సిలు తెమ్మంది.

"టార్చి ఏమిట్రా? అప్పుడు మనింట్లో టార్చి ఎక్కడిది? లాంతరు" అని, కొట్టేసి పైన తనే రాసింది.

నేను ఒప్పుకోలేదు. చల్లటి ఇనప టార్చి, చేతికి తగిలిన చలువ ఇప్పటికీ గుర్తు. లాంతరైతే వేడిగా ఉండాలి కదా! పిన్ని వినదే. నువ్వూ అక్కడే ఉన్నావు కదరా, నిజం చెప్పు, టార్చా, లాంతరా?

నీ
బావ