అన్నీ ఒకే ఛానెల్‌లో పొయ్యకు శీనూ

కొండాపూర్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

అమ్మకి మోకాలి నొప్పి ఎలా ఉంది? నిన్న ఫోన్లో అడగడం మర్చిపోయాను. నువ్వేమో కొత్త ఉద్యోగం గురించి ఊపిరాడకుండా చెప్తున్నావు. ఎనిమిది మంది ఉన్న కంపెనీలో గిట్‌హబ్ (కోడ్ దాచుకునేది), జీరా (పనుల టికెట్లు చూసుకునేది), సర్వర్ అలర్టులు, పేమెంట్లు అన్నీ స్లాక్‌కి, అంటే టీమ్ అంతా మెసేజ్‌లు పెట్టుకునే యాప్‌కి, కలిపే పని నీ మీద పడిందన్నావు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

ముందు మా దగ్గర ఏం జరిగిందో విను. రెండేళ్ల కిందట మేమూ ఇదే ఉత్సాహంతో అన్నీ కలిపేశాం. స్లాక్‌లో అందరూ చదివే గదిలాంటి ఛానెల్ ఒకటే, పేరు 'అలర్ట్స్'. ఎవరైనా కొత్త కోడ్ గిట్‌హబ్‌కి పంపితే (పుష్ చేస్తే) అందులోకే, టికెట్ మారితే అందులోకే, సర్వర్ సీపీయూ మీద భారం కాస్త పెరిగినా అందులోకే. మొదటి వారం పండగలా ఉంది. నెల తిరిగేసరికి అందరూ మ్యూట్ చేసుకున్నారు, నేను కూడా. 'నాన్నా పులి' కథే అనుకో. ఒక శనివారం రాత్రి పేమెంట్ అయినట్టు మా సర్వర్‌కి రావాల్సిన కబురు రావడం ఆగిపోయింది. అలర్ట్ వచ్చింది రా, సరైన సమయానికే వచ్చింది. తెల్లారి కస్టమర్లు ఫోన్ చేసేదాకా మాలో ఒక్కరూ చూడలేదు. ఒక పెద్దాయన "మందుల కోసం కట్టాను బాబూ" అన్నారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పటి నుంచి ఏది కలపాలన్నా ముందు ఒకటే అడుగుతున్నా: ఈ మెసేజ్ వస్తే ఎవరు లేవాలి, లేచి ఏం చెయ్యాలి? ఒక మనిషి పేరు చెప్పగలిగితేనే కలుపుతాం. లేకపోతే రోజూ పొద్దున ఒక్క మెసేజ్‌లో అన్నీ కలిపి పంపుతాం, లేదా వదిలేస్తాం. ఇప్పుడు పేమెంట్లకి ప్రత్యేకంగా ఒక ఛానెల్ ఉంది. రోజుకి రెండు మూడు మెసేజ్‌లకి మించి రావు, వస్తే అందరం చూస్తాం.

ఇక పని సంగతి. ఇన్‌కమింగ్ వెబ్‌హుక్‌తో మొదలుపెట్టు. స్లాక్ నీకొక యూఆర్ఎల్ (వెబ్ అడ్రస్) ఇస్తుంది, దానికి జేసన్ అనే పద్ధతిలో రాసిన డేటా పోస్ట్ చేస్తే ఛానెల్‌లో మెసేజ్ పడుతుంది. పది లైన్ల పైథాన్ చాలు. కానీ దానికి వేరే పాస్‌వర్డ్ ఉండదు, ఆ యూఆర్ఎల్ ఎవరి చేతిలో పడితే వాళ్లు మీ ఛానెల్‌లో రాసేయొచ్చు. కోడ్‌లో అస్సలు పెట్టకు. ఇంకొకటి, సెకనుకి ఒక మెసేజ్ చొప్పునే ఒప్పుకుంటుంది. డేటాబేస్ పడిపోయి ఒకే ఎర్రర్ వందలసార్లు వస్తుంటే నీ కోడే వాటిని లెక్కపెట్టి ఒక్కటిగా పంపాలి.

వెబ్‌హుక్‌తో చిక్కేంటంటే, పంపాక 'ఓకే' అని తప్ప ఏమీ తిరిగిరాదు. ఆ మెసేజ్ కిందే జవాబు పెట్టాలంటే దాని 'టీఎస్' (స్లాక్ ఆ మెసేజ్‌కి ఇచ్చే టైమ్ గుర్తు) కావాలి. దానికి బాట్ టోకెన్ (మన ప్రోగ్రామ్‌కి స్లాక్ ఇచ్చే రహస్య తాళం లాంటిది) తీసుకుని 'చాట్.పోస్ట్‌మెసేజ్' అనే స్లాక్ ఏపీఐ పిలుపు వాడు. 'సర్వర్ పడింది' అనే మెసేజ్ కిందే, అదే థ్రెడ్‌లో, ఎవరు చూస్తున్నారో, ఏం సరిచేశారో, 'కోలుకుంది' అన్న మాట కూడా వచ్చేస్తాయి. నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. మర్నాడు పొద్దున వచ్చినవాడికి కథంతా ఒకేచోట దొరుకుతుంది.

స్లాష్ కమాండ్లు (స్లాక్‌లో '/' తో మొదలుపెట్టి టైప్ చేసే ఆదేశాలు) పెడితే మూడు సెకన్ల లెక్క గుర్తుంచుకో. ఆలోపు నీ సర్వర్ బదులివ్వకపోతే వాడినవాడికి ఎర్రర్ కనిపిస్తుంది. కొత్త కోడ్‌ని సర్వర్‌లోకి ఎక్కించే మా డిప్లాయ్ కమాండ్ నిమిషం తీసుకునేది. ఎర్రర్ చూసి మా వాడు మళ్లీ కొట్టాడు, డిప్లాయ్ రెండుసార్లు నడిచింది. ముందు 'అందింది' అని చెప్పెయ్, పని వెనకాల చేయించు, ఫలితం తర్వాత పంపు. వచ్చిన రిక్వెస్ట్ నిజంగా స్లాక్ నుంచే వచ్చిందా అని, దానితో స్లాక్ పంపే డిజిటల్ సంతకం సరిచూడటం మాత్రం మానకు.

మీది ఉచిత ప్లానే అన్నావు కదా, అందులో పది యాప్‌లే కలపొచ్చు, పాత మెసేజ్‌లు 90 రోజులవే కనిపిస్తాయి. కాబట్టి పెద్ద సమస్య ఏదొచ్చినా థ్రెడ్‌లో తేలింది వేరే డాక్యుమెంట్‌లో కూడా రాసి పెట్టండి.

నీకు తెలుసా, స్లాక్ కూడా ఒక చిన్న టీమ్ తమ కోసం చేసుకున్న పనిముట్టే. స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ వాళ్లు గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆట తయారుచేస్తూ, తమలో తాము మాట్లాడుకోడానికి దీన్ని కట్టుకున్నారు. ఆట 2012లో మూతపడింది, ఇది 2014లో అందరికీ వచ్చింది. అందుకే మీ ఎనిమిది మందిని కూర్చోబెట్టి, ఎవరికి ఏ కబురు నిజంగా కావాలో ముందు అడుగు అంటున్నా.

ఆ జాబితా రాసి నాకు పంపు. శుక్రవారం రాత్రి తొమ్మిదికి కాల్ చేస్తా, పేమెంట్లది మనిద్దరం కలిసే పెడదాం. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రమణ