మీ కార్బ్యురేటర్లలో నేను వేసిన రబ్బర్ల గురించి

మా వర్క్‌షాప్‌లో కార్బ్యురేటర్లు, అంటే పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే భాగాలు, బాగుచేయించుకున్న అందరికీ నమస్కారం.

పోయిన వారం మూడు రోజులు షట్టరు దించి ఉంది. ఫోను చేసినవారికి పాత స్పోర్ట్స్ కార్ల ప్రదర్శనకు వెళ్తున్నానని మాత్రమే చెప్పాను. అక్కడ జరిగినదానిలో మీకు నేరుగా సంబంధించిన సంగతి ఒకటుంది. గత పద్నాలుగు నెలల్లో నేను బాగుచేసి ఇచ్చిన ఎస్‌యూ కంపెనీ హెచ్ఎస్ రకం కార్బ్యురేటర్లలో పెట్రోలు కారే ప్రమాదం ఉంది. అవి మొత్తం 17 జతలు. తప్పు నాది, కాబట్టి దాన్ని సరిచేసే ఖర్చు కూడా నాదే.

ప్రదర్శనకు మేం నలుగురం కలిసి వెళ్లాం. ఒకరు పాత కార్ల సీట్లు కుట్టే పనివారు, ఇంకొకరు గేరుబాక్సులు విప్పి బిగించడంలో చెయ్యి తిరిగిన మిత్రుడు. నాలుగో వ్యక్తి నా పాత కస్టమరు. ఆయనది 1967 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, పైకప్పు తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఎంజీబీ 1962 నుంచి 1980 వరకు తయారైంది, అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలు దాటాయి. అందుకే ప్రదర్శనల్లో చాలామంది ఓ చూపు చూసి ముందుకు సాగిపోతారు. ఆయన మాత్రం ఆ కారును ఇంట్లో మనిషిలాగే చూసుకుంటారు. దాని జంట కార్బ్యురేటర్లు గత ఏడాది నేనే చేసి ఇచ్చాను.

రెండో రోజు పొద్దున ఆయన తాళం తిప్పారు. ఇంజను ఇంకా స్టార్ట్ చేయలేదు. వెనక వైపు నుంచి పెట్రోలు పంపు చప్పుడు మొదలైంది, టిక్ టిక్ టిక్ మంటూ. ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు ఉన్న కారు నడిపేవారికి ఆ చప్పుడు బాగా పరిచయం. కార్బ్యురేటర్ల పక్కన పెట్రోలు నిలవుండే చిన్న గిన్నెలు, అంటే ఫ్లోట్ చాంబర్లు, నిండేదాకా కొట్టుకుని, నిండగానే ఆగిపోతుంది. ఆ రోజు ఆగలేదు. గేరుబాక్సుల మిత్రుడు తల ఎత్తి, "ఆపండి, తాళం తీసేయండి" అన్నాడు. ఇంజను తాగకుండానే పంపు తోడుతూ ఉందంటే, ఆ పెట్రోలు ఎక్కడికో పోతోందన్నమాట.

బానెట్ ఎత్తి చూస్తే వెనక కార్బ్యురేటర్ ఫ్లోట్ చాంబర్ అడుగున తడి కనిపించింది. హెచ్ఎస్ రకంలో ఆ చాంబర్ అడుగు నుంచి జెట్‌కు, అంటే పెట్రోలు గాలిలోకి వచ్చే సన్నని రంధ్రానికి, నైలాన్ గొట్టం వెళ్తుంది. గొట్టం చాంబర్‌లోకి దిగేచోట చిన్న రబ్బరు బిరడా ఉంటుంది, నట్టు బిగిస్తే అది గొట్టాన్ని చుట్టూ పట్టుకుంటుంది. ఆ రబ్బరు చిట్లిపోయింది. వేలితో నొక్కితే పొడిగా రాలింది. ఎంజీబీలో కార్బ్యురేటర్లూ, వేడి పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఇంజనుకు ఒకే పక్కన ఉంటాయి, పెట్రోలు పైన, నిప్పులాంటి ఇనుము కింద. ఆయన పంపు చప్పుడు వినకుండా స్టార్ట్ చేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటోంది.

ఆ రబ్బరు నేను వేసిందే. నాసిరకం కొత్త సరుకు మీద నమ్మకం లేక, ఎన్నో ఏళ్ల కిందట తయారై ముద్ర తెరవని పొట్లాల్లో ఉండిపోయిన అసలు విడిభాగాలను వెతికి కొన్నాను. పాత కారుకు ఆనాటి వస్తువే వేస్తున్నానని గర్వపడ్డాను కూడా. కానీ రబ్బరు పొట్లంలో ఉన్నా ముసలిదవుతుంది. పైగా అది సీసం కలిపిన పాత పెట్రోలు కోసం చేసినది. ఇప్పటి పెట్రోలులో చాలాచోట్ల పది శాతం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది. కారు వారాల తరబడి నిలిచిపోతే ఆ రబ్బరు ఎండి, ముడుచుకుని, చిట్లుతుంది. ఇదంతా నాకు తెలియని సంగతి కాదు. తెలిసి కూడా పొట్లం మీది ముద్ర చూసి ఆ జ్ఞానాన్ని పక్కన పెట్టాను. అదే నన్ను ఎక్కువగా బాధపెడుతోంది.

అక్కడికి వచ్చిన ఔత్సాహికుల గురించి చెప్పకపోతే అన్యాయమే అవుతుంది. మేం బానెట్ ఎత్తిన ఐదు నిమిషాల్లో చుట్టూ పదిమంది చేరారు. ఒకరు మంట ఆర్పే సిలిండర్ తెచ్చి పక్కన నిలబడ్డారు, ఒకరు స్పానర్ల సంచి విప్పారు. ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరుతో చేసిన బిరడాలు తన డబ్బాలోంచి తీసి ఇచ్చారు ఒక పెద్దాయన. ఆయనది 1948 నాటి ఎంజీ టీసీ. 1945 నుంచి 1949 వరకు తయారైన కారు అది, చిన్నది, తీగల చక్రాలతో సన్నగా, నిటారుగా నిలబడి ఉంటుంది. పని అయ్యాక, "రా బాబూ, నా కారు కూడా చూద్దువుగాని" అని తీసుకెళ్లారు.

ఆ కారు దగ్గర నేను గంటకు పైగా ఉండిపోయాను. రంగు అక్కడక్కడా పల్చబడింది. తోలు సీటు మీద దశాబ్దాల ముడతలు. కార్బ్యురేటర్లు బూడిదరంగులో, అచ్చులోంచి తీసిన అల్యూమినియం ఎలా ఉంటుందో అలాగే ఉన్నాయి. వాటికి పాలిష్ లేదు, అద్దంలాంటి మెరుపూ లేదు. కానీ పెట్రోలు వాసన రవ్వంతైనా రాలేదు. ఆ కాలపు కార్బ్యురేటర్లలో జెట్ చుట్టూ కార్కు బిరడాలు ఉండేవి. నూనెలో నానబెట్టకుండా బిగిస్తే అవి కారతాయి. ఆయన వాటిని ఎప్పటికప్పుడు మార్చేస్తారట. "లోహం జోలికి నేను పోను బాబూ, మెత్తటివి మాత్రం ఒక్కటి కూడా పాతది ఉంచను" అన్నారు.

నేను సరిగ్గా దానికి తలకిందులుగా చేస్తున్నాను. లోహాన్ని గంటల కొద్దీ బఫింగ్ చక్రం మీద పెట్టి కొత్తదానిలా మెరిపిస్తున్నాను, రబ్బరును మాత్రం పాతదే వేస్తున్నాను.

ఎస్‌యూ కథలో కూడా ఈ మెత్తటి భాగం సమస్య మొదటినుంచీ ఉంది. ఆ రెండక్షరాలు స్కిన్నర్స్ యూనియన్ అన్న పేరుకు పొట్టిరూపం. 1900ల తొలి దశకంలో ఆ కార్బ్యురేటర్‌కు రూపమిచ్చిన స్కిన్నర్ సోదరులది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. మొదటి నమూనాల్లో ఇప్పటి పిస్టన్ ఉండేచోట తోలు తిత్తి ఉండేది, కొలిమి తిత్తిలాంటిది. తర్వాత ఆ చోటికి లోహపు పిస్టన్ వచ్చింది. ఇంజను లాక్కునే గాలిని బట్టి పిస్టన్ పైకి లేవడం, దానితోపాటు మొన తేలిన సూది జెట్‌లోంచి బయటికి జరిగి పెట్రోలుకు దారి పెంచడం, ఈ సూత్రం మాత్రం మారలేదు. ఎన్నిసార్లు విప్పినా ఇంత తక్కువ భాగాలతో ఇంత పని ఎలా జరుగుతుందా అని నాకు ఆశ్చర్యమే.

మిగిలిన కార్లు కూడా చూశాను, చూడకుండా ఎలా రాగలను! జాగ్వార్ ఈ-టైప్ ముందు జనం కదల్లేదు. 1961లో జెనీవాలో తొలిసారి కనిపించిన ఆ కారు ముందుభాగం మొత్తం ఒక్క ముక్కగా ముందుకు వాలుతుంది. లోపల 3.8 లీటర్ల ఇంజనుకు మూడు ఎస్‌యూలు వరసగా ఉంటాయి. దాని పక్కనే మెర్సిడెస్ 300 ఎస్ఎల్, రెక్కల తలుపులు ఎత్తి ఉంది. గొట్టాలతో అల్లిన చట్రం పక్కల ఎత్తుగా ఉండటం వల్ల మామూలు తలుపులు పెట్టడానికి చోటు లేక అలా పైకి తెరిచారు. అందం కోసం వెతికితే దొరికింది కాదు, చట్రం అడిగింది ఇచ్చారంతే. 1954లోనే దానికి కార్బ్యురేటర్ లేదు, పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మే బాష్ పంపు ఉంది. నా పనికి దానితో సంబంధం లేదు, అయినా అక్కడి నుంచి అడుగు పడలేదు.

మధ్యాహ్నానికి ఎంజీబీ మళ్లీ పలికింది. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస ఒక్కో కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టుకుని, రెండింటిలోకి గాలి పోయే బుస ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పాను. సీట్లు కుట్టే మిత్రుడు కూడా వంగి విన్నాడు. ఆ రోజంతా నన్ను ఒక్క మాట కూడా అనని కారు యజమాని సాయంత్రం మాత్రం, "మిగతావాళ్లకు చెప్తారు కదా?" అని అడిగారు. అందుకే ఈ ఉత్తరం.

ఇకనుంచి మారేవి ఇవి. ఆ 17 జతల యజమానులకు ఒక్కొక్కరికీ ఫోను చేస్తున్నాను. దగ్గరున్నవారి కారుకు నేనే వచ్చి మారుస్తాను, దూరంగా ఉన్నవారు కార్బ్యురేటర్లు పంపితే పోనూ రానూ రవాణా నాదే. అది పూర్తయ్యేవరకు కొత్త పని తీసుకోను. ఇప్పటికే వరసలో ఉన్నవారి పని కనీసం మూడు వారాలు ఆలస్యమవుతుంది, వారిని క్షమించమని అడుగుతున్నాను. అద్దంలాంటి పాలిష్ కూడా ఇక మీరు ప్రత్యేకంగా అడిగితేనే. ఫ్లోట్ చాంబర్ మూత స్క్రూ కింద ఏయూడీ అక్షరాలతో ఒక చిన్న అల్యూమినియం బిళ్ల ఉంటుంది, ఆ కార్బ్యురేటర్ ఏ కారు కోసం చేసిందో చెప్పేది అదే. ఒక కస్టమరుది పాలిష్‌లో అరగదీసి సంఖ్య చెరిపేశాను. ఆయనకు అప్పుడే చెప్పాను, మీకు ఇప్పుడు చెప్తున్నాను. అలాంటిది ఇక జరగదు.

నా ఫోను వచ్చేలోపు కారు బయటికి తీయకండి. ఎలక్ట్రిక్ పంపు ఉంటే ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి వినండి. చప్పుడు కొద్దిసేపట్లో ఆగిపోవాలి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లా ఇంజనుతో నడిచే పంపు ఉన్న కార్లలో ఈ పరీక్ష కుదరదు, వాటిని స్టార్ట్ చేయకుండా నాకోసం ఆగండి. ఏ కారైనా, ఫ్లోట్ చాంబర్ల అడుగున తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ తడిసినా, పంపు చప్పుడు ఆగకపోయినా తాళం తీసేసి, బ్యాటరీ తీగ విప్పి నాకు ఫోను చేయండి, రాత్రయినా సరే.