చిన్న షెడ్లకూ అప్రెంటిస్‌లను ఇవ్వండి

సంపాదకులకు,

విజయవాడ ఆటోనగర్‌లో నాది లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషను) షెడ్డు. మందం కొలిచే మైక్రోమీటర్ 0.01 మిల్లీమీటరు దాకా కొలుస్తుందని ఐటీఐలో టర్నర్ (లేత్ పని) కోర్సు పాసై వచ్చే పిల్లలకు నోటికి వచ్చు. షాఫ్టు చేతికిస్తే మాత్రం మైక్రోమీటర్ చివర సరిపడా బిగువు రాగానే జారే రాచెట్ వదిలేసి, థింబుల్ (తిప్పే గొట్టం) పట్టుకుని బిగించేస్తారు, కొలత తప్పుతుంది. పాపం, ఐటీఐలో ఒక్కో మిషను చుట్టూ అంతమంది నిలబడితే చెయ్యి ఎప్పుడు తిరుగుతుంది?

అప్రెంటిస్‌ల (పనిచేస్తూ నేర్చుకునేవాళ్ల) చట్టం 1961 నుంచీ ఉంది. ముప్పై మంది, ఆపైన పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, కనీసం నలుగురుంటే ఐచ్ఛికం. మా షెడ్డులో ముగ్గురమే! స్టైపెండ్‌లో నా వాటా ఇస్తాను. నాలుగైదు షెడ్లను కలిపి ఒక యూనిట్‌గా లెక్కేసి, మాకూ పిల్లల్ని పంపమని అధికారులను కోరుతున్నాను.

– ఒక లేత్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ