కొత్త సిమెంటు రోడ్లపై యాసిడ్ పోయనివ్వకండి

సంపాదకుల వారికి నమస్కారం.

సంక్రాంతికి నెల ముందు మా వీధిలో సిమెంటు రోడ్డు పడింది. ఏళ్ల తరబడి బురదలో నడిచినవాళ్లం, మా సంతోషం ఇంతా అంతా కాదు. రోడ్డుతోపాటే ఎవరి గేటు ముందు వాళ్లు ర్యాంపులు పోయించుకున్నారు. తీరా ఆరాక చూస్తే నిండా మరకలే. నీళ్లు నిలబెట్టడానికి వేసిన మట్టి గట్లు గళ్లు గళ్లుగా అచ్చు దిగాయి. ఎండుగడ్డి పరచి తడిపిన చోట టీ డికాక్షన్ ఒలికినట్టు గోధుమరంగు. ఇనుప ఊచల కట్టలు దింపిన చోట తుప్పు చారలు. మేడ కట్టిస్తున్న వాళ్లు రోడ్డు మీదే మాలు కలపడంతో అక్కడక్కడ సిమెంటు పెచ్చులు.

పండగ ముగ్గులకు వాకిలి అద్దంలా ఉండాలని అందరికీ ఉంటుంది. ఇంటింటికీ యాసిడ్ సీసాలు వచ్చేశాయి.

భోగి ముందు రోజు మా పక్క వాకిట్లో జరిగింది కళ్లారా చూశాను. కూలికి వచ్చిన ఆమె చెప్పులైనా లేకుండా నిలబడి, యాసిడ్ పోసి కొబ్బరి చీపురుతో రుద్దుతోంది. బుసబుసా నురగ పొంగింది. చూస్తున్నవాళ్లు మురికంతా పోతోందని సంబరపడ్డారు. బకెట్టుతో నీళ్లు కొట్టగానే ఆ నీరంతా కాలువ అంచుకు పారింది. అక్కడ పొద్దున్నే బ్లీచింగ్ పౌడరు చల్లి వెళ్లారు. ఒక్కసారిగా ఘాటు లేచింది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ మా అరుగు మీద కూలబడింది. కళ్లు ఎర్రబడ్డాయి, అరికాళ్లు మండుతున్నాయంది. మంచినీళ్లిచ్చి, కాళ్ల మీద చాలాసేపు నీళ్లు పోసి, ‘‘ఈ పనికి ఎందుకు ఒప్పుకున్నావమ్మా’’ అంటే, ‘‘మాకు అలవాటేనమ్మగారూ’’ అంది. ఆ మాట నాకింకా చెవుల్లోనే ఉంది.

హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయిన దాన్ని. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిస్తే వెలువడేది క్లోరిన్ వాయువు. ఊపిరితిత్తులను దెబ్బతీసే విషం అది. ఇక ఆ నురగ సంగతి. సిమెంటులో ఉన్న సున్నాన్ని యాసిడ్ కరిగిస్తుంది. పైపొరలో గాలి తగిలి సుద్దగా మారిన సున్నం కరిగేటప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువే ఆ పొంగు. మరకతోపాటు మరక కింది పొర కూడా పోతుంది. పక్కవాళ్ల ర్యాంపు మీద చెయ్యి పెట్టి చూడండి, ఉప్పుకాగితంలా గరగరలాడుతూ ఇసుక రేణువులు పైకి తేలి ఉన్నాయి. సంక్రాంతికి నింపిన ముగ్గు రంగులు ఆ గరుకులోకి దిగిపోయి ఇప్పటికీ వదలడం లేదు. మా వాకిట్లో గడ్డి మరకను అలాగే వదిలేశాం. ఉగాది నాటికి ఎండకు వెలిసి, వెతికితే గానీ కనపడనంత పలచబడింది.

కాంక్రీటు పోసిన మర్నాటికే గట్టిపడినట్టు కనిపిస్తుంది గానీ, దాని బలాన్ని లెక్కగట్టేది 28 రోజులకు. కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకైనా, ఎండ తీవ్రంగా ఉన్నా కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. అంత పచ్చిగా ఉన్న రోడ్డు మీద యాసిడ్ పోయడం పసిపిల్లకు కారం పెట్టడం లాంటిది.

మరకలు పోగొట్టే దారి లేక కాదు. మట్టి గళ్లకు నీళ్లు, చీపురు చాలు. తెల్లగా ఉప్పు పూసినట్టు వస్తే పొడిగా ఉన్నప్పుడే గట్టి బ్రష్షుతో దులపాలి. బండి నూనె కారితే వెంటనే రంపపు పొట్టు గానీ పొడి బూడిద గానీ చల్లి, రాత్రంతా ఉంచి ఊడ్చి, తర్వాత బట్టల సబ్బు పొడితో రుద్దాలి. మాలు పడితే తడిగా ఉండగానే కడిగేయాలి. గట్టిపడ్డాక మాత్రం నెల దాటేదాకా ఆగి, బల్లపరుపు రేకుతో నెమ్మదిగా గీకడమే. తుప్పుకు నిమ్మకాయ రుద్దమంటారు, అదీ పులుపే కాబట్టి కొత్త కాంక్రీటు మీద వద్దు.

మున్సిపల్ అధికారులకు నా విన్నపం. రోజూ చెత్త బండి మైకులో ఎన్నో చెబుతున్నారు. కొత్త రోడ్డు వేసిన వీధుల్లో నెల రోజులపాటు ‘‘యాసిడ్ పోయకండి’’ అన్న ఒక్క ముక్క కూడా చేర్చండి. ఇళ్లు కట్టేవాళ్లు రేకు పరచుకునే మాలు కలపాలని షరతు పెట్టండి. యాసిడ్ చిల్లర అమ్మకాలపై 2013లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. కొన్నవారి వివరాలు రిజిస్టరులో రాయాలంది. మా వీధి చివరి కొట్టులో మాత్రం పిల్లలు అడిగినా ఇచ్చేస్తున్నారు. అది కూడా చూడండి.

మా వెనక వీధికి మొన్ననే రోడ్డు పోశారు. నిన్న గడ్డి పరిచారు. అక్కడికి సీసాలు చేరకముందే ఆ మైకు మోగాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా