షట్టర్ దిగితే మూతపడినట్టేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

జగదాంబ జంక్షన్, డాబాగార్డెన్స్, సూర్యాబాగ్, ద్వారకానగర్‌లలో హోటళ్లు, దుకాణాలు మూతపడుతున్నాయని సిటీ పేజీల్లో వార్తలు వస్తుంటాయి. కారణం మాత్రం ఎప్పుడూ ఒకటే రాస్తారు: మాల్స్ వచ్చాయి, ఆన్‌లైన్ వచ్చింది, జనం తగ్గారు. ఇది సగం మాటే. పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కీ, సాయంత్రం జగదాంబకీ వెళ్లి చూడండి, నిలబడడానికి చోటుండదు. అంత జనంలో ఉన్న హోటల్ ఎందుకు ఎత్తేశారో తెలియాలంటే ముందు అద్దె అగ్రిమెంటు తిరగెయ్యాలి.

మన దగ్గర షట్టర్ తీసుకుంటే రాసేది 11 నెలల అగ్రిమెంటే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాదికి మించిన లీజునే రిజిస్టర్ చేయించి తీరాలని ఉండేది కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఈ పద్ధతి అలవాటైంది. మన రాష్ట్రంలో 1999 సవరణ తర్వాత లీజు ఎన్నాళ్లదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే, అయినా అలవాటు పోలేదు. పన్నెండో నెల నుంచి కొత్త కాగితం లేకుండా అద్దె ఇస్తూ పోతే అది నెలవారీ అద్దె కిందికి వచ్చేస్తుంది. అద్దె నియంత్రణ చట్టం వర్తించని భవనాల్లో అలాంటి అద్దెను ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. బట్టల కొట్టువాడైతే ఆ 15 రోజుల్లో సరుకు మూటగట్టుకుని పక్క వీధికి మారగలడు. హోటల్ పెట్టినవాడు మారలేడు. గోడకు అతికించిన టైల్స్, గచ్చు కింద వేసిన పైపులు, డాబా మీదికి లాగిన పొగ గొట్టం (డక్టు) ఊడదీసి పట్టుకుపోయేవి కావు. పెట్టుబడిలో పెద్ద భాగం అక్కడే ఉండిపోతుంది. హోటల్ నిలదొక్కుకున్నాక అద్దె ఎంత పెంచమన్నా ఒప్పుకోక తప్పని పరిస్థితి అక్కడే మొదలవుతుంది.

కొత్తగా హోటల్ పెట్టాలనుకునేవాళ్లు కనీసం ఐదేళ్ల లీజు రాయించుకుని రిజిస్టర్ చేయించుకోండి. మొదటి మూడేళ్లూ ఖాళీ చేయించకూడదని, ఏటా అద్దె ఎంత శాతం పెరుగుతుందో, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో అడ్వాన్స్ తిరిగిస్తారో అందులో అక్షరాలా ఉండాలి. డక్టు ఏ గోడ మీదుగా పోతుంది, జనరేటరు ఎక్కడ పెడతారు, బోర్డు ఎన్ని అడుగులు అన్నవి కూడా నోటిమాటగా వదిలెయ్యకండి. మెట్రో ప్రతిపాదనలో ఒక కారిడార్ గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు దాకా ఉంది. రోడ్డు పనుల వల్ల ముందు భాగం పోయినా, నెలల తరబడి దారి మూసినా అద్దె సంగతేమిటో ఇప్పుడే ఒక వాక్యం రాయించుకోవడం మంచిది.

ఇక అద్దె లెక్క. నెలకు 90,000 రూపాయలనుకుందాం. దాని మీద జీఎస్‌టీ 18 శాతం, అంటే 16,200. భవన యజమానికి జీఎస్‌టీ నంబరు లేకపోయినా 2024 అక్టోబరు 10 నుంచి రివర్స్ ఛార్జి కింద ఆ పన్ను అద్దెకున్నవాళ్లే కట్టాలి. అమ్మకం మీద నిర్ణీత శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల కాంపొజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు 2025 జనవరిలో ఈ రివర్స్ ఛార్జి నుంచి మినహాయింపు ఇచ్చారు, కానీ యజమానికి నంబరుంటే వాళ్లకూ పన్నుతోనే బిల్లు వస్తుంది. బట్టలకొట్టు, సెల్‌ఫోన్ షాపు ఆ 16,200ను తాము కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు. 5 శాతం జీఎస్‌టీతో బిల్లు వేసే హోటల్‌కు ఆ వెసులుబాటు లేదు, మొత్తం ఖర్చు కిందే పోతుంది. అప్పుడు అసలు అద్దె 1,06,200, రోజుకు 3,540. అద్దె అమ్మకంలో 12 శాతం దాటకూడదన్నది హోటల్ లైన్‌లో అందరూ వేసుకునే లెక్క. ఆ ప్రకారం రోజూ 29,500 రూపాయల అమ్మకం ఉండాలి. మనిషికి 70 రూపాయల బిల్లు అనుకుంటే 420 మందికి పైగా రావాలి, వాన కురిసినా, బంద్ జరిగినా. ఎదురుగా ఉన్న బట్టలకొట్టు ఇచ్చే అద్దెనే హోటల్ కూడా ఇవ్వగలదనుకోవడం యజమానులు చేసే పొరపాటు. దీన్ని తట్టుకోలేక రోడ్డు మీది షట్టర్ వదిలేసి, లోపలి సందులో తక్కువ అద్దెకు వంటిల్లు తీసుకుని డెలివరీకే వండేవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు మూతపడింది కూర్చుని తినే హాలు మాత్రమే.

వంటింటి సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గొడవల్లో ఎక్కువ ఇక్కడే పుడతాయి. ఊరి మధ్యలోని పాత భవనాలు బట్టలకొట్లకో, ఆఫీసులకో కట్టినవి. వాటి మురుగు గొట్టాలు చేతులు కడిగిన నీళ్లకు సరిపోతాయి కానీ రోజూ వందల ప్లేట్లు కడిగే నీళ్లకు కాదు. గంజి, ఇడ్లీ పిండి, వాడిన నూనె కలిసి గొట్టంలో చల్లబడ్డాక పేరుకుని గట్టిపడతాయి. కొన్నాళ్లకు పక్క షాపు బాత్రూంలోంచి మురుగు ఎగదన్నుతుంది. పక్కవాళ్లు ఫిర్యాదు చేస్తారు, యజమాని ఖాళీ చెయ్యమంటాడు. సింకుకూ డ్రైనేజీకీ మధ్య మూడు గదుల గ్రీజు తొట్టె కట్టిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మొదటి గదిలో జల్లెడ మెతుకుల్ని, పిప్పిని ఆపుతుంది. రెండో గదిలో నీళ్లు నిలిచి నూనె పైకి తేలుతుంది. మూడో గదిలోకి నీళ్లు అడుగు నుంచే వెళ్లాలి. ఆ గొట్టం పైన పెడితే తేలిన నూనె కూడా నీళ్లతోపాటే వెళ్లిపోతుంది, తొట్టె కట్టించినా ఫలితం ఉండదు. రద్దీ వేళ వచ్చే నీళ్లు తొట్టెలో సుమారు అరగంట నిలిచేంత లోతూ వెడల్పూ ఉండాలి. పైన తేలిన నూనె, అడుగున చేరిన మడ్డి కలిపి లోతులో నాలుగో వంతుకు రాకముందే తీసెయ్యాలి. వేడినీళ్లు పోసి కడిగేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. ఆ నూనె కరిగి ముందుకు పోయి, ఇంకొంచెం దూరంలో మళ్లీ గడ్డకడుతుంది.

డక్టు పొగను పై అంతస్తు కిటికీ ముందు వదిలితే లాడ్జీ వాళ్లో, ఆఫీసు వాళ్లో వారంలోనే వచ్చి అడుగుతారు. భవనం కప్పు దాటించి వదలాల్సిందే. మన సముద్రపు గాలికి మామూలు రేకు, బోల్టులు తొందరగా తుప్పు పడతాయి కాబట్టి డక్టుకు, బోర్డు బిగించే క్లాంపులకు స్టెయిన్‌లెస్ స్టీలే వాడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బోర్డులు ఎలా ఎగిరిపోయాయో ఈ ఊరు చూసింది.

సెల్లార్‌లో మాత్రం వంటిల్లు పెట్టకండి. గ్యాస్ గాలికన్నా బరువు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ లీకైతే గ్యాస్ నేలబారున చేరి అక్కడే నిలుస్తుంది, చిన్న నిప్పురవ్వ చాలు. పైగా సెల్లార్ ప్లానులో పార్కింగ్‌కు చూపించిన చోటు. దాన్ని గోడౌన్ చేసేసి, తర్వాత కస్టమర్లు బండి పెట్టుకోవడానికి చోటు లేదని బాధపడి లాభం లేదు.

కరెంటు విషయంలో ఒక్క మాట: పాత అద్దెదారు ఎగ్గొట్టిన బకాయి సర్వీసు నంబరు మీద నిలిచి ఉంటుంది. అడ్వాన్స్ ఇవ్వకముందే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ ఇచ్చిన చివరి బిల్లు చూడండి, కేటగిరీ కమర్షియలా కాదా, మంజూరైన లోడు ఎంత అన్నదీ చూసుకోండి.

మీ విలేకరులకు, పాఠకులకు పనికొచ్చే సంగతి మరొకటి. బోర్డు అదే, రుచి మారింది, యజమాని మారాడా అని జనం అడుగుతుంటారు. బిల్లు చూస్తే చాలావరకు తెలుస్తుంది. బిల్లు మీది జీఎస్‌టీ నంబరు 15 అక్షరాలు, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలవుతుంది. మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా పాన్ నంబరు. పాత బిల్లుకూ కొత్త బిల్లుకూ ఆ పది అక్షరాలు వేరైతే వ్యాపారం వేరే పేరు మీదికి వెళ్లినట్టు. అయితే సొంత వ్యాపారాన్ని భాగస్వామ్యంగా మార్చినా పాన్ మారుతుంది కాబట్టి, అడిగి తేల్చుకున్నాకే రాయాలి. 2022 జనవరి నుంచి బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా ఉండాలి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే రిజిస్ట్రేషన్. అది ఆ మనిషికీ ఆ చోటుకీ ఇచ్చింది. హోటల్ వేరే చోటికి మారాక కూడా పాత చిరునామా నంబరే బిల్లు మీద కనిపిస్తే, కాగితాలు ఇంకా సరిచేసుకోలేదని అర్థం.

ఇన్ని వివరాలూ ఒక విన్నపం కోసం. "మూతపడింది" అన్న మాట అచ్చువేసే ముందు దయచేసి ఆగండి. సంక్రాంతికి పనివాళ్లు ఊళ్లకు వెళ్తే మూడు నాలుగు రోజులు షట్టర్ తియ్యని హోటళ్లున్నాయి. వంట మాస్టర్ మానేసినా, గ్రీజు తొట్టె పని పెట్టుకున్నా షట్టర్ దిగుతుంది. హోటల్‌కు పాలు, కూరగాయలు, కిరాణా అరువు మీదే వస్తాయి, వారానికో పదిహేను రోజులకో లెక్క తీరుస్తారు. మూసేశారన్న మాట పొక్కగానే అందరూ ఒకేరోజు బాకీకి వస్తారు, మర్నాటి నుంచి రొక్కం ఇస్తేనే సరుకంటారు. బాగా నడిచే హోటల్ కూడా ఆ వారం తట్టుకోవడం కష్టం. అప్పుడు రాసిన వార్తే నిజమై కూర్చుంటుంది.

సిటీ ఎడిషన్‌లో వారానికోసారి చిన్న పెట్టె కట్టి ఈ మార్పులు వెయ్యండి. తెరిచారు, వేరే చోటికి మారారు, చేతులు మారాయి, పనుల కోసం ఆపారు, పూర్తిగా మూసేశారు — ఈ ఐదింటినీ కలపకుండా వేర్వేరుగా రాయండి. కొత్తది తెరిస్తే అంతకుముందు అక్కడ ఏముండేదో, అది ఎక్కడికి వెళ్లిందో తప్పకుండా ఉండాలి. పాత కస్టమరు వెతికేది దాన్నే. యజమానితో మాట్లాడి, కుదరకపోతే పక్క షాపులో ఇద్దరిని అడిగి, షట్టర్ మీద కాగితం అంటించి ఉంటే దాని ఫొటో తీసుకుని రాస్తే చాలు. దుకాణాలవాళ్లకూ ఇదే మనవి: మారేటప్పుడు కొత్త చిరునామా, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో షట్టర్ మీద రాయించండి. కాగితమైతే మొదటి వానకే పోతుంది.

ఈ పెట్టెను శ్రావణంలో మొదలుపెట్టకండి. ఆషాఢమంతా ఆగినవాళ్లు అప్పుడే ముహూర్తాలు పెట్టుకుంటారు కాబట్టి తెరిచినవే కనిపిస్తాయి. ట్రేడ్ లైసెన్సు గడువు, లెక్కల సంవత్సరం రెండూ మార్చి 31తో ముగుస్తాయి. ఏప్రిల్ మొదటి వారంలో మొదలుపెడితే మానేసినవాళ్లూ లెక్కలోకి వస్తారు.

ఇట్లు,
జగదాంబ, డాబాగార్డెన్స్ ప్రాంతాల్లో హోటళ్లు, దుకాణాలు నడుపుతున్న కొందరం,
విశాఖపట్నం