నాన్నగారికి, నా కేకుల పద్దు

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమం. ఆయన ఉద్యోగం యథాప్రకారం సాగుతోంది, పిల్లవాడి దగ్గు పూర్తిగా తగ్గింది. కేకులు ఎందుకు అమ్ముతున్నావని మొన్న ఫోనులో మీరు అడగలేక అడిగిన ప్రశ్నకు ఉత్తరంలోనైతే నెమ్మదిగా జవాబు చెప్పవచ్చునని కూర్చున్నాను. నేను కేకులు అమ్ముతున్నది ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వచ్చి కాదు. ఈ మాట అత్తయ్యకు కూడా చెప్పండి.

ఇంటి వంటగదిలో చేసి అమ్మడానికి కావలసిన నమోదు పూర్తయిన తరువాతనే మొదటి ఆర్డరు ఒప్పుకున్నాను. గోధుమ, పాలు, గుడ్డు, బాదం వంటివి కొందరికి పడవు కనుక, ఏ కేకులో ఏమి వేశానో ప్రతి పెట్టె మీదా రాసి అంటిస్తాను. తాజా క్రీము కేకులను 5 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచాలి కాబట్టి, దూరం తీసుకువెళ్ళేవారికి వాటిని ఇవ్వను. ఎవరికైనా ఏమైనా అవుతుందేమోనని అమ్మ భయపడనక్కరలేదు.

ఇక ధర సంగతి. జీవితమంతా పద్దులు రాసిన మీకు లెక్కే నచ్చుతుంది. మామూలు వెన్న కేకులో పిండి, వెన్న, చక్కెర, గుడ్లు సమాన బరువులో పడతాయి. పెంకు తీసిన గుడ్డు సుమారు 50 గ్రాములు తూగుతుంది కనుక, నాలుగు గుడ్లకు తక్కినవి 200 గ్రాముల చొప్పున వేసి, ప్యాకెట్టు ధరను బట్టి గ్రాముకు ఎంతో కట్టుకుంటాను. అడుగున పరిచే కాగితం, అట్ట, పెట్టె, చెంచాడు వెనిల్లా కూడా పద్దులోకి ఎక్కవలసిందే. కరెంటుకు మీరనుకున్నంత కాదు. 2 కిలోవాట్ల ఓవెన్ గంటసేపు వెలిగినా 2 యూనిట్లకు మించి కాలదు, వేడెక్కాక మధ్యమధ్య ఆగుతుంది గనుక ఇంకా తక్కువే. అసలు ఖర్చు నా చేతి పనిది. క్రీము పూయడం, పూలు తీర్చడం, గిన్నెలు తోమడం, రంగు మార్చమని రాత్రి పూట వచ్చే సందేశాలకు ఓపికగా బదులివ్వడం, వీటన్నిటికీ గంటకు ఇంత అని కూలి వేసుకుంటున్నాను. నా కూలి నేను వేసుకోకపోతే మరెవరు వేస్తారు, నాన్నగారూ?

చాలామందికి అర్థం కానిది కేకు కాల్చే పళ్ళెం కొలత. ఎత్తు ఒకటే అయినప్పుడు 6 అంగుళాల కేకుకూ 8 అంగుళాల కేకుకూ తేడా రెండంగుళాలే కదా అంటారు గానీ, వైశాల్యం 36కు (6×6) 64 (8×8) చొప్పున పెరిగి, పిండి దాదాపు 1.8 రెట్లు పడుతుంది. సరుకుల ధరా అలాగే పెరుగుతుంది. తమ్ముడు మాత్రం ఖర్చు 100 అయితే 25 కలిపి 125కు అమ్మితే లాభం నాలుగో వంతు అని వాదిస్తున్నాడు. అమ్మకం ధరలో అది అయిదో వంతే. నాలుగో వంతు మిగలాలంటే 133 దాకా పెట్టాలి. వాడు నా మాట వినడు, మీరైనా చెప్పండి.

తెలిసినవాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకోవడం ఏమిటని అమ్మ నొచ్చుకుంది. అమ్మా, ప్రేమతో ఇవ్వాలనిపించిన రోజున ఊరికే ఇస్తాను. అమ్మిన రోజున మాత్రం అందరికీ ఒకటే ధర. మొహమాటానికి సగం ధర చెబితే ఆ పక్కవారు కూడా సగమే అడుగుతారు, అడగనివారికి అన్యాయం జరుగుతుంది. ఇందులో గర్వమేమీ లేదు. పగలు ఆయనా పిల్లవాడూ బయటికి వెళ్ళాక ఈ ఇంట్లో నాకు మాట్లాడే మనిషి ఉండేది కాదని నీకు తెలుసు. ఇప్పుడు కేకు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని పోతున్నారు.

వచ్చే నెల రెండంతస్తుల పెళ్ళి కేకు చేయాలి. సగం సొమ్ము ముందుగానే తీసుకున్నాను. ఆఖరి వారంలో మానుకుంటే అది తిరిగి ఇవ్వనని రాతపూర్వకంగా చెప్పాను కూడా. దాని లెక్క కాగితం ఈ ఉత్తరంతో జతపరుస్తున్నాను. మీ అలవాటు ప్రకారం ఎర్ర సిరాతో దిద్ది పంపండి, కూలి అంకె మాత్రం తగ్గించకండి.

ఇట్లు,
మీ అమ్మాయి